వెంటిలేటర్ ఫిల్టర్ రోజూ మార్చాలా? అపోహలు - వాస్తవాలు

"ఆ ఫిల్టర్ మీద నిన్నటి తేదీయే ఉందండీ. ఇంకా మార్చలేదేంటండీ?" పాలకొల్లు నుంచి వచ్చిన పేషెంట్ కొడుకు అడిగాడు. చేతిలో మెడికల్ షాపులో కొన్న కొత్త ఫిల్టర్ ప్యాకెట్ ఉంది. భీమవరం వైపు ఐసీయూల్లో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది, సిస్టర్లకు ఇంకా ఎక్కువ.

నోట్లో ట్యూబు వేశాక గాలి ముక్కులోంచి పోదు. గాలిని వెచ్చబరిచి, తడిపి పంపే ముక్కు పనిని ట్యూబుకు తగిలించే ఈ ఫిల్టర్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బీయే చేస్తుంది. వదిలిన ఊపిరిలోని వేడిని, తేమను పట్టుకుని, తర్వాత పీల్చే గాలికి తిరిగి ఇస్తుంది.

అపోహ: 24 గంటలకోసారి మార్చకపోతే న్యుమోనియా వస్తుంది.

చాలా కంపెనీలు ప్యాకెట్ మీద 24 గంటలనే రాస్తాయి. కానీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాలు 48 గంటలలోపు రొటీన్‌గా మార్చవద్దన్నాయి. మురికి పట్టినా, సరిగా పనిచేయకపోయినా మాత్రం మార్చమన్నాయి. కొందరు పేషెంట్లకు వారం వరకు ఒకే ఫిల్టర్ ఉంచి చూసిన పరిశోధనల్లోనూ న్యుమోనియా పెరగలేదు.

పైగా మార్చిన ప్రతిసారీ సర్క్యూట్, అంటే వెంటిలేటర్ నుంచి ట్యూబుకు వచ్చే గొట్టాలు, ఊడదీయాలి. ఆ కొద్ది సెకన్లలో ఊపిరితిత్తులను తెరిచి ఉంచే ప్రెషర్ పోతుంది, గాలిగదులు ముడుచుకుంటాయి, ఆక్సిజన్ పడిపోవచ్చు. గొట్టాల్లో చేరిన నీళ్లు ఛాతీలోకి జారొచ్చు. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అపోహ: 48 గంటలన్నారు కాబట్టి అప్పటిదాకా చూడక్కర్లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మా డెల్టా ఐసీయూలకు వచ్చే ఇద్దరు పేషెంట్లను తీసుకోండి. ఒకరిని కట్లపాము కరిచింది. కండరాలు చచ్చుబడ్డాయి గానీ ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. ఈ పేషెంట్ ఫిల్టర్ రెండు మూడు రోజులైనా పొడిగా, తెల్లగా ఉంటుంది. ఇంకొకరు పురుగుమందు ఒంట్లోకి వెళ్లి వచ్చారు. ఛాతీలోంచి నురగ ఊరుతూనే ఉంటుంది. ఇద్దరికీ ఒకే గడువు ఎలా పెడతాం?

ఆ పురుగుమందు కేసు లాంటి పేషెంట్‌కి ఒక రాత్రి అలారం ఆగకుండా మోగింది. పీక్ ప్రెషర్, అంటే గాలిని లోపలికి నెట్టడానికి మెషీన్‌కు పట్టే గరిష్ఠ ఒత్తిడి, 24 నుంచి 40కి ఎక్కింది. కఫం లాగే సన్నటి గొట్టం (సక్షన్ క్యాథెటర్) సాఫీగా దిగింది, అంటే ట్యూబు మూసుకోలేదు. ఫిల్టర్ తీసి చేతిలో పట్టుకుంటే తడిసి బరువెక్కి ఉంది, లోపలి పొర గోధుమ రంగుకు తిరిగింది. పెట్టి ఆరు గంటలే అయింది. కొత్తది పెట్టగానే ప్రెషర్ 25కి దిగింది. ఆ వెంటనే ఫిల్టర్ తీసేసి, నీటిని వేడిచేసే హ్యూమిడిఫయర్‌కి మార్చాం. కఫం ఎక్కువగా, చిక్కగా ఉన్నా, రక్తం పడుతున్నా అదే సరైనది. అయితే ఫిల్టర్, హ్యూమిడిఫయర్ రెండూ కలిపి ఎప్పుడూ వాడకూడదు. నీళ్లు పీల్చుకున్న ఫిల్టర్ గాలికి అడ్డుపడుతుంది.

తేమ సరిపోతోందో లేదో కంటితోనే కొంత తెలుస్తుంది. ఫిల్టర్‌కీ ట్యూబుకీ మధ్య గొట్టంలో చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తే మంచిదే. గొట్టం పొడిగా ఉండి, కఫం జిగురులా సాగుతూ, క్యాథెటర్ దిగడం కష్టమైతే తేమ చాలట్లేదని అర్థం. పాలకొల్లు అబ్బాయికి ఆ చుక్కలే చూపించాను. ప్యాకెట్ సిస్టర్‌కిచ్చి కూర్చున్నాడు.

అపోహ: మన కోనసీమ గాలిలోనే బోలెడు తేమ ఉంది, వేరే తేమ ఎందుకు?

ఆసుపత్రి పైపుల్లో వచ్చే ఆక్సిజన్, గాలి పొడిగా ఉంటాయి. ఒకవేళ 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలినే ఇచ్చినా, లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల నీరే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో 37 డిగ్రీల దగ్గర ఉండేది 44 మిల్లీగ్రాములు.

అపోహ: కడిగి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు.

వద్దు. కడిగితే తేమను పట్టే పొర పాడవుతుంది, క్రిములూ పోవు. ఖర్చు భారమైతే ముందే చెప్పండి, అవసరం లేకుండా మార్చడం మేమే ఆపుతాం.

ఐసీయూలోకి కొత్తగా వచ్చిన సిస్టర్లకు ఒక మాట. ఫిల్టర్‌ను ట్యూబు కంటే ఎత్తులో ఉంచండి, లేకపోతే కఫం అందులోకి జారుతుంది. మందు ఫిల్టర్ దాటి లోపలికి వెళ్లాల్సి వస్తే, నెబ్యులైజేషన్‌కి (మందును సన్నటి తుంపరగా ఇవ్వడానికి) ముందు ఫిల్టర్ తీయండి. అయ్యాక తిరిగి పెట్టారో లేదో డ్యూటీ అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి చూడండి.