కొలనోస్కోపీ తర్వాత నొప్పి, ఉబ్బరం, రక్తం: అపోహలు - వాస్తవాలు

కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని (స్కోపు) పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అది చేసే ఎండోస్కోపీ విభాగంలో నర్సుగా నా పని ఎక్కువగా రికవరీ గదిలోనే. పరీక్ష అయ్యాక కళ్లు తెరిచే వారిని కనిపెట్టుకుని ఉండేది మేమే. ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పేదీ, తర్వాత వాళ్లు ఫోను చేస్తే మాట్లాడేదీ మేమే. ఆ ఫోన్లు వింటుంటే ఒక్కోసారి మనసు కలుక్కుమంటుంది. ఏ ప్రమాదమూ లేని ఉబ్బరానికి రాత్రంతా భయపడి కూర్చున్నవారు ఉంటారు. వెంటనే ఆసుపత్రికి రావలసిన జ్వరాన్ని ‘నీరసమే కదా’ అని ఓర్చుకున్నవారూ ఉంటారు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే చాలా భయం తగ్గుతుంది, కొన్ని ప్రమాదాలూ తప్పుతాయి.

అపోహ: ఏమీ కోయలేదన్నారు కాబట్టి నొప్పి ఉండకూడదు. ఉందంటే లోపల ఏదో పొరపాటు జరిగినట్టే.

వాస్తవం: ఈ నొప్పి కోత వల్ల వచ్చేది కాదు. పేగు లోపలి పొరకు కోసినా తెలియదు. అందుకే బయాప్సీకి (ల్యాబ్‌లో పరీక్షించడానికి) చిన్న ముక్క తీసినా, పేగు లోపలి గోడ మీద కండలా పెరిగే పాలిప్‌ను కత్తిరించినా ఆ చోట నొప్పి పుట్టదు. సాగదీస్తే మాత్రం పేగు వెంటనే గోలపెడుతుంది. పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. మామూలుగా ముడుచుకుని ఉండే దాని గోడలు స్పష్టంగా కనపడాలంటే గాలితోనో, కార్బన్ డయాక్సైడ్‌తోనో ఉబ్బించక తప్పదు. స్కోపు ముందుకు వెళ్లేటప్పుడు ఎడమవైపు కింది భాగంలో పేగు మెలికపడి సాగుతుంది. డాక్టర్ ఆ మెలికను సరిచేసి, పొడుగు చేతుల చొక్కాను మోచేతి పైకి లాక్కున్నట్టు, పేగును మడతలు మడతలుగా స్కోపు మీదికి తెచ్చుకుంటారు. ఇంత జరిగాక పొట్ట కొన్ని గంటలు మెలిపెట్టినట్టు ఉండటం సహజం. గతంలో పొత్తికడుపు ఆపరేషన్లు అయినవారికి, ఐబీఎస్ (తరచూ పొట్టనొప్పి, మోషన్‌లో తేడాలు వచ్చే పేగు సమస్య) ఉన్నవారికి ఇది కాస్త ఎక్కువగా ఉంటుంది. మగవారి కంటే ఆడవారికి ఎక్కువగా ఉండటం కూడా మామూలే.

ఒకే పరీక్ష చేయించుకున్న ఇద్దరిలో ఒకరు సాయంత్రానికల్లా హాయిగా తిరుగుతారు, మరొకరు మర్నాటి దాకా పొట్ట పట్టుకుని ఉంటారు. వాడిన వాయువు కూడా దీనికి ఒక కారణం. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. అది పేగులోంచి రక్తంలోకి చాలా నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి దాదాపుగా కిందినుంచే బయటికి పోవాలి. కార్బన్ డయాక్సైడ్ త్వరగా రక్తంలో కలిసి ఊపిరితో బయటికి వెళ్లిపోతుంది. మీ ఆసుపత్రిలో ఏది వాడతారో ముందే అడగండి. అది అడగదగ్గ ప్రశ్నే.

నొప్పి ఎంత ఉందన్న దానికంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ముఖ్యం. గ్యాస్ నొప్పి వచ్చి పోతూ ఉంటుంది, చోటు మారుతుంది, గ్యాస్ పోగానే తేలికపడుతుంది. చాలామందికి ఒక రోజులో సర్దుకుంటుంది. అలా కాకుండా గంటగంటకూ పెరిగే నొప్పి, ఒకే చోట కదలకుండా ఉండే నొప్పి, పొట్ట గట్టిపడి ముట్టుకోనివ్వని నొప్పి వేరు. దాని గురించి కింద చెబుతాను.

అపోహ: నలుగురిలో గ్యాస్ వదలకూడదు, ఆపుకోవాలి.

వాస్తవం: రికవరీ గదిలో నేను రోజూ చూసే ఇబ్బంది ఇది. మంచం పక్కన కూతురో అల్లుడో ఉంటారు, తెర అవతల ఇంకొకరు ఉంటారు. సిగ్గుతో బిగబట్టి, నొప్పిని రెట్టింపు చేసుకుంటారు. దయచేసి ఆపుకోకండి. మేము ‘గ్యాస్ పోయిందా?’ అని అడిగేది వైద్యపరమైన ప్రశ్న. పోయిందని మీరు చెబితే మాకు సంతోషం. ఎడమవైపు తిరిగి మోకాళ్లు పొట్టవైపు ముడుచుకుని పడుకోండి. మత్తు తగ్గి, తల తిరగడం లేదని నిర్ధారించుకున్నాక మెల్లగా నడవండి. గ్యాస్ బయటికి పోవడానికి నడక బాగా సాయపడుతుంది. తోడుగా వచ్చినవారు కాసేపు గది బయట కూర్చున్నా అదీ సాయమే.

అపోహ: రెండు రోజులైనా మోషన్ రాలేదు, పేగు మూసుకుపోయింది, విరేచనాల మందు వేసుకోవాలి.

వాస్తవం: ముందు రోజు మందు తాగి పేగు మొత్తం ఖాళీ చేసుకున్నారు. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మామూలుగా తినండి, నీళ్లు బాగా తాగండి, చాలు. పొట్ట ఉబ్బుతూ, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే మాత్రం ఆగకుండా రండి.

అపోహ: మొదటి రోజు రక్తం పడకపోతే ఇక పడదు.

వాస్తవం: అన్నింటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టే అపోహ ఇదే. బయాప్సీ తీశాక కాగితానికి కాస్త ఎర్రగా అంటడం, మొదటి మోషన్‌లో చిన్న చార కనపడటం ఉండవచ్చు. మొలలు ఉన్నవారికి విరేచనాల రాపిడి వల్ల కూడా అలా అవుతుంది. అయితే పాలిప్ తీసిన చోట చిన్న పుండు మిగులుతుంది. అది మానే క్రమంలో, అంతా బాగుందనుకున్నాక, వారం తర్వాత కూడా రక్తస్రావం మొదలుకావచ్చు. రెండు వారాల దాకా ఆ అవకాశం ఉంటుంది. చెంచాడు కంటే ఎక్కువ రక్తం పోయినా, గడ్డలు పడినా, మళ్లీ మళ్లీ వచ్చినా, మలం తారులా నల్లగా ఉన్నా, కళ్లు తిరిగినా తెల్లవారే దాకా చూద్దామనుకోవద్దు.

పెద్ద పాలిప్ తీయించుకున్నవారు ఆ రెండు వారాలూ వైద్యం అందని చోట్లకు దూర ప్రయాణాలు పెట్టుకోకపోవడం మంచిదని చెప్పేది ఇందుకే. బరువులెత్తే పని ఎప్పటినుంచి చేయవచ్చో కూడా అడిగి వెళ్లండి. రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల విషయం ఇంకా సున్నితం. తొందరపడి మొదలుపెడితే రక్తస్రావం, భయపడి మానేస్తే గుండెకో మెదడుకో ప్రమాదం. ఏ మందు ఏ తేదీన మళ్లీ మొదలుపెట్టాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకునే ఇంటికి వెళ్లండి. నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. పాలిప్ తీసి ఉంటే ఐబుప్రొఫెన్ వంటివి అడగకుండా వేసుకోవద్దు.

అపోహ: జ్వరం వస్తే అలసట వల్లే, మాత్రతో పోతుంది.

వాస్తవం: కొలనోస్కోపీ తర్వాత పొట్టనొప్పితో పాటు జ్వరం వస్తే అలసట కింద కొట్టిపారేయకూడదు. పేగుకు రంధ్రం పడటం చాలా అరుదు. పాలిప్ తీయకుండా చూసి వచ్చిన పరీక్షల్లో వెయ్యింటికి ఒకటి, లేదా అంతకంటే తక్కువ. పెద్ద పాలిప్ తీసినప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది. మరొకటి కూడా ఉంది. పాలిప్‌ను కరెంటుతో కాల్చి తీసినప్పుడు ఆ వేడి పేగు గోడ లోతుకు తగిలి, రంధ్రం లేకపోయినా, ఒకటి నుంచి ఐదు రోజుల లోపు ఒకేచోట నొప్పి, జ్వరం రావచ్చు. ఎక్కువమందికి ఇది సెలైన్, యాంటీబయాటిక్‌లతో నయమవుతుంది. అది ఏదన్నది ఇంట్లో తేలదు, స్కాన్ చేయాలి. భుజంలోకి లాగే నొప్పి, ఆయాసం, గట్టిపడిన పొట్ట ఉన్నా అంతే, వెంటనే ఆసుపత్రికి రావలసిందే. ఏ అత్యవసర విభాగానికి వెళ్లినా మొదట చెప్పవలసిన మాట: ‘ఫలానా రోజు కొలనోస్కోపీ అయింది, పాలిప్ తీశారు’. ఆ ఒక్క మాటతో డాక్టర్‌కు దారి దొరుకుతుంది.

అపోహ: మెలకువ వచ్చింది, బాగానే మాట్లాడుతున్నాను, బండి నడపగలను.

వాస్తవం: వద్దు. మత్తు దిగిందని మీకు అనిపించినా చురుకుదనం పూర్తిగా తిరిగి రాదు. 24 గంటలు బండి నడపడం, మద్యం, ముఖ్యమైన సంతకాలు మానుకోండి. మిడజోలమ్ వంటి మత్తు మందులు ఆ కాసేపటి జ్ఞాపకాన్ని కూడా తుడిచేస్తాయి. డాక్టర్ పరీక్ష ఫలితాన్ని వివరంగా చెప్పారు, మీరు తలూపారు, ఇంటికి వెళ్లాక ఒక్క మాటా గుర్తుండదు. అందుకే వినడానికి ఇంకొకరు పక్కన ఉండాలి.

ఇక తరచుగా వినే చిన్న సందేహాలు. బయాప్సీకి పంపారంటే క్యాన్సర్ అని కాదు. పేగు మామూలుగా కనపడినా కొన్ని జబ్బులను తేల్చడానికి ముక్క తీస్తారు. పేగులోని మంచి బాక్టీరియా శాశ్వతంగా పోదు, కొన్ని వారాల్లో తిరిగి నిలదొక్కుకుంటుంది. దానికోసం ప్రత్యేకంగా మాత్రలు కొననక్కర్లేదు. మలద్వారం దగ్గర మంటకు గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, వాజలీన్ రాయడం సరిపోతుంది. సూది గుచ్చిన నరం దగ్గర గట్టిపడితే వేడి కాపడం పెట్టండి. ఎర్రదనం పాకితే చూపించండి.

ఎవరూ అడగరు కాబట్టి ఇది నేనే చెబుతాను: పేగు శుభ్రం చేసే మందు వల్ల విరేచనాలైనప్పుడు గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. మాత్రలు ఆపవద్దు, కానీ ఆ తర్వాత వారం రోజుల పాటు కండోమ్ వంటి మరో జాగ్రత్త కూడా తీసుకోండి.