పాత ప్లేట్ల కథలు – పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

పాత పాటల ప్లేట్లు, అంటే గ్రామఫోను రికార్డులు, పోగేద్దామని మొదలుపెట్టారట, వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా తాతయ్యా, ఇవెందుకు అని అడిగేవాళ్ళే ఎక్కువ ఈ రోజుల్లో. పాట ఉంది, నిజమే. కానీ ఆ పాటని ఎవరు కొన్నారు, ఏ వీధిలో మోగింది, ఎంత ఇష్టంగా విన్నారు అన్నది ప్లేటు మీదే ఉంటుంది, ప్లేటు ఇచ్చిన మనిషి నోట్లో ఉంటుంది. అదెలా చదవాలో, ఎలా అడగాలో చెప్దామనే ఈ ఉత్తరం.

ముందు చేతిలో ఉన్నదేటో గుర్తుపట్టాలి. బరువుగా మందంగా ఉండి కింద పడితే ముక్కలైపోయేది 78, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగేది, మామూలుగా 10 అంగుళాలుంటుంది, వైపుకి ఒక్క పాట, అదీ మూడు నిమిషాల చిల్లర. ఇది వినైల్ అనే ప్లాస్టిక్ కాదు, లక్క. మన ఒడిశా అడవుల్లోనూ ఛోటా నాగపూర్ వైపూ మోదుగ, కుసుమ, రేగు చెట్ల మీద లక్కపురుగు పెట్టే జిగురు ఉంది చూశారా, దాంట్లో రాతిపొడి, మసి కలిపి అచ్చేసేవాళ్ళు. ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది, రెండో ప్రపంచ యుద్ధంలో అది అందక అమెరికాలో జనాన్ని పాత ప్లేట్లు తిరిగి ఇచ్చెయ్యమని అడిగారు, సైనికులకి పంపే ప్లేట్లని వినైల్ మీద చేశారు. ఆ తర్వాత 1948లో కొలంబియా కంపెనీ వాళ్ళు అక్కడ ఎల్పీ, అంటే ఎక్కువసేపు మోగే ప్లేటు, తెచ్చారు, 1949లో ఆర్‌సీఏ విక్టర్ వాళ్ళు 7 అంగుళాల 45, అంటే నిమిషానికి 45 సార్లు తిరిగేది, తెచ్చారు. మన దగ్గర 45 అంటే ఎక్కువగా ఈపీ, వైపుకి రెండు చొప్పున నాలుగు పాటలు, అట్ట మీద సినిమా బొమ్మ. వైపుకి ఒక్క పాటే ఉన్న చిన్న ప్లేట్లూ వచ్చాయి, అవి కనిపిస్తే వదలకండి.

ఇక సూది సంగతి, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. 78 ప్లేటు గాడి, అంటే సూది నడిచే గీత, వెడల్పుగా ఉంటుంది, దానికి 3 మిల్ సూది కావాలి, ఈపీకీ ఎల్పీకీ 1 మిల్ గానీ ఇంకా సన్నం గానీ ఉండాలి, మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సన్నం సూదితో 78 పెడితే అది గాడి అడుక్కి దిగిపోయి బరబర తప్ప ఏమీ వినపడదు. కీ ఇచ్చే గ్రామఫోను మీద ఈపీ పెట్టారా, ఆ ఇనప సూది ఒక్కసారికే దాన్ని దున్నేస్తుంది, ఇక అంతే. గ్రామఫోనుకి ఒక్కో వైపుకీ కొత్త సూది వెయ్యాలి, ఎందుకంటే ప్లేటులోని రాతిపొడి సూదిని అరగదీస్తుంది, అరిగిన సూది మళ్ళీ పెడితే అది గాడిని కోస్తుంది. ఇంకోటి, 78ని స్పిరిట్‌తో తుడవొద్దు. చెక్క సామానుకి వేసే పాలిష్ లక్కని స్పిరిట్‌లో కరిగించేదే కదా, ప్లేటూ అలాగే కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు చాలు, లేబుల్ తడవకుండా మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవాలి. నిలబెట్టి పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, సముద్రం గాలి తగిలే మన ఊళ్ళలో అట్టలకి బూజు పడుతుంది కాబట్టి వానాకాలం అయ్యాక అన్నీ ఒకసారి బయటికి తీసి చూసుకోవాలి.

సరే, కథల్లోకి వస్తా. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ అనే గాయని పాట రికార్డు చేశాడు. ఆవిడ పాట చివర్లో మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్ అని ఇంగ్లీషులో గట్టిగా చెప్తుంది, మొదటిసారి వింటే గొప్ప ధీమా అనిపిస్తుంది, ధీమా ఉంది కూడా, కానీ అసలు సంగతి ఏటంటే అప్పుడు ఇక్కడ ప్లేట్లు అచ్చేసే ఫ్యాక్టరీ లేదు, జర్మనీలో హానోవర్‌కి పంపేవాళ్ళు, అక్కడి పనివాళ్ళకి మన భాష రాదు, ఎవరి పాట ఎవరిదో తెలియాలంటే పేరు పాటలోనే చెప్పాలి. తర్వాత 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టారు, ఆ మీదట అది కలకత్తా పక్కనే ఉన్న డమ్‌డమ్‌కి మారింది. మద్రాసులో పాడిన మన తెలుగు పాటలు కూడా ఎక్కువగా డమ్‌డమ్‌లోనే అచ్చయ్యేవి, ఆ రెండు ఊళ్ళనీ కలిపే రైలు లైను మన బరంపురం స్టేషను మీదుగానే పోతుంది, నాకు ఆ లేబుల్ మీద కలకత్తా పేరు చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

ఇంకొకటి. 1949లో మహల్ అనే హిందీ సినిమా వచ్చింది, అందులో ఆయేగా ఆనేవాలా పాట లతా మంగేష్కర్ పాడింది, కానీ మొదట వచ్చిన ప్లేటు మీద పాడినవాళ్ళ పేరు కామిని అని ఉంటుంది, కామిని అంటే మధుబాల వేసిన పాత్ర పేరు. సినిమా పాటల ప్లేట్ల మీద పాడిన మనిషి పేరు వెయ్యడం అప్పటికి అంతగా అలవాటు కాలేదు. రేడియోలో పాట విని జనం ఎవరు పాడారు ఎవరు పాడారు అని అడిగితే అప్పుడు గానీ లత పేరు బయటికి రాలేదు. ఒక చిన్న కాగితం లేబుల్‌లో ఇంత ఉంది చూడండి. అందుకే లేబుల్ మీద ప్రతి అక్షరం చదవమంటాను.

బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందం పేరు మీరు వినే ఉంటారు. వాళ్ళ పాటలు 1960లలో మన దేశంలో 78 ప్లేట్ల మీద కూడా వచ్చాయి, అప్పటికి ఇంగ్లాండులో 78లు ఆపేశారు. ఇక్కడ కరెంటు లేని ఇళ్ళు, కీ ఇచ్చే గ్రామఫోన్లు ఇంకా ఉన్నాయి కాబట్టి అచ్చేశారు. ఆ ప్లేట్ల కోసం ఇప్పుడు విదేశాలవాళ్ళు వెతుక్కుంటారు. డబ్బు గురించి చెప్పడం లేదు నేను, మన ఇళ్ళలో కరెంటు లేని సంగతి కూడా ఆ ప్లేటు మీద రాసి ఉందని చెప్తున్నా.

ఇప్పుడు మన ఊరి సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, అందుకే ఇక్కడి పాత ఇళ్ళలో తెలుగు నాటక పద్యాల 78లు బయటపడుతుంటాయి. నాటకాలు సెట్లుగా వచ్చేవి, ఒక్కో వైపు మూడేసి నిమిషాల ముక్క, మధ్యలో ఒక ప్లేటు పగిలిపోతే రాయబారం సగంలో ఆగిపోతుంది. ఘంటసాల పుష్పవిలాపం లాంటి ప్రైవేటు ప్లేట్లు, అంటే సినిమాకి సంబంధం లేకుండా విడిగా పాడినవి, మన తెలుగువాళ్ళ ఇళ్ళలో తప్పకుండా వెతకండి, కరుణశ్రీ గారి పద్యాలు ఆయన గొంతులో వింటే మీకే తెలుస్తుంది.

కానీ అసలు గని మైకు సెట్టు వాళ్ళు. పెళ్ళికీ, గణపతి పందిరికీ, బుఢీ ఠాకురాణీ యాత్రకీ పాటలు పెట్టింది వాళ్ళే కదా, వాళ్ళ పెట్టె తెరిస్తే తెలుగు, ఒడియా, హిందీ, బెంగాలీ ప్లేట్లు అన్నీ కలిసి ఉంటాయి, అంటే ఆ సెట్టుని పిలిచిన ఇళ్ళు అన్ని భాషలవీ అన్నమాట. లేబుల్ మీద రబ్బరు స్టాంపు ఉంటుంది, సిరాతో నంబరుంటుంది, ఒక వైపు తెలుగులో రాత, ఇంకో వైపు ఒడియాలో. రెండూ చదవగలిగే వాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్న మీరే ఉంటారు. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీటులో పాత ప్లేట్లు కుప్పలుగా దొరుకుతాయి, వెళ్ళండి, బావుంటుంది, కానీ అక్కడ ఎవరి ప్లేటో చెప్పేవాళ్ళు ఉండరు.

గాడిని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూడండి. బూడిదరంగు తేలిన చోటు బాగా అరిగిన చోటు. ఒక వైపు నల్లగా మెరుస్తూ రెండో వైపు బూడిదగా ఉందంటే ఆ రెండో పాటే వీధికి నచ్చిందన్నమాట, కంపెనీ ఏ పాటని ముందు వేసిందన్నది వేరే లెక్క. అరిగిన ప్లేటుని తక్కువ చూడొద్దు, సరిగ్గా మోగకపోయినా కొనండి. లేబుల్‌కీ గాడికీ మధ్య ఖాళీ జాగాలో అంకెలు, అక్షరాలు అచ్చై ఉంటాయి, అవి మాస్టరు నంబర్లు, ఏ వైపుకి ఆ వైపు వేరేగా ఉంటుంది, అవి కూడా రాసుకోండి, లేబుల్ ఊడిపోయినా పాట ఏదో పట్టుకోవచ్చు.

నోటుబుక్కులో ఒక్కో ప్లేటుకీ ఒక పేజీ ఇవ్వండి. ఎవరి దగ్గర తీసుకున్నారు, వాళ్ళకి ఎక్కడిది, ఎప్పుడు ఎక్కువ పెట్టేవాళ్ళు, ఎవరు పెట్టమని అడిగేవాళ్ళు, ఇవన్నీ. అడిగేటప్పుడు ముందు ధర మాట్లాడొద్దు, బేరం మొదలయ్యాక ఎవరూ కథ చెప్పరు. ప్లేటు చేతిలో పెట్టి ఇది ఎప్పుడు కొన్నారు బాబాయ్ గారూ, పిన్నిగారూ అని అడిగి ఊరుకోండి, వాళ్ళే చెప్తారు, మధ్యలో తప్పు దిద్దకండి, సినిమా పేరు తప్పు చెప్పినా సంవత్సరం తప్పు చెప్పినా వాళ్ళు చెప్పినట్టే రాసి, సరైనది మీరు కనుక్కున్నాక పక్కన వేరే రంగులో రాయండి. వాళ్ళు ఇవ్వనంటే బలవంతం వద్దు, ఫొటో తీసుకుని కథ రాసుకుంటే చాలు, అది కూడా కలెక్షనే.

దసరా సెలవులకి వస్తారుగా, డేరా వీధి వైపు పాత మైకు సెట్టు నడిపిన పెద్దాయన ఉన్నారు, ప్లేట్లు అటక మీద ఉన్నాయట, ఆయనకి చూపు తగ్గింది, మనిషొచ్చి పేర్లు చదివితే దేని సంగతి దానికి చెప్తానన్నారు. ఒడియా బాగా చదివేవాళ్ళు ఒకరు తప్పకుండా రావాలి. 3 మిల్ సూది కొన్నారో లేదో ముందే ఫోను చేసి చెప్పండి, లేకపోతే కలకత్తా నుంచి నేనే తెప్పిస్తా.

మీ తాతయ్య
బరంపురం, గంజాం