అల్ అక్సా మంటల నుంచి ఐరాస సభ దాకా

1969 ఆగస్టు 21న జెరూసలేంలోని అల్ అక్సా మసీదుకు ఆస్ట్రేలియా దేశస్థుడు డెనిస్ మైకేల్ రోహన్ నిప్పు పెట్టాడు. ఆ మంటల్లో కాలిపోయిన వాటిలో ఇమాం శుక్రవారం ఖుత్బా, అంటే మతప్రసంగం, చదివే మింబర్ అనే వేదిక ఒకటి. 12వ శతాబ్దంలో సిరియా పాలకుడు నూరుద్దీన్ అలెప్పోలో చేయించిన ఆ చెక్క వేదికను, 1187లో క్రూసేడర్ల నుంచి జెరూసలేంను గెలిచాక సుల్తాన్ సలాహుద్దీన్ మసీదుకు చేర్చాడు. మేకు గానీ జిగురు గానీ వాడకుండా చెక్కముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి కట్టిన పనితనం అది. రోహన్‌కు మతిస్థిమితం లేదని ఇజ్రాయెల్ కోర్టు తేల్చింది. అయితే 1967 యుద్ధంలో తూర్పు జెరూసలేం ఇజ్రాయెల్ అధీనంలోకి వెళ్లి అప్పటికి రెండేళ్లే కావడంతో, మసీదు కోసం పెల్లుబికిన దుఃఖం ఆ నగరం ఎవరిదన్న ప్రశ్నగా మారింది.

నెల తిరగ్గానే, సెప్టెంబరు 22 నుంచి 25 వరకు, మొరాకో రాజధాని రబాత్‌లో ముస్లిం దేశాధినేతలు సమావేశమయ్యారు. ఇస్లామిక్ సహకార సంస్థకు, అంటే ఓఐసీకి, పునాది పడింది అక్కడే. ఆ సదస్సుకు భారత్‌కూ ఆహ్వానం అందింది. కానీ అప్పటి కేంద్ర మంత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ నాయకత్వంలో మన బృందం రబాత్ చేరాక పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ పట్టుబట్టి దాన్ని సభకు దూరం చేయించారు. మళ్లీ ఆ వేదికపై భారత విదేశాంగ మంత్రి గొంతు వినిపించడానికి 2019 అబుదాబీ సమావేశం దాకా ఆగాల్సి వచ్చింది. సంస్థ సచివాలయాన్ని జెద్దాలో నెలకొల్పినా, జెరూసలేం విముక్తి అయ్యే వరకే అది అక్కడ ఉంటుందని, ఆ తర్వాత ఆ నగరమే శాశ్వత కేంద్రమవుతుందని 2008 నాటి నియమావళిలో సైతం రాసుకున్నారు.

ఓఐసీ చేసిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది 1974లో జరిగింది. అంతకుముందు ఐరాస చర్చల్లో పాలస్తీనీయుల ప్రస్తావన ప్రధానంగా శరణార్థులుగానే వచ్చేది. ఆ ఫిబ్రవరిలో లాహోర్ శిఖరాగ్ర సదస్సు యాసర్ అరాఫత్‌ను ఆహ్వానించి, పాలస్తీనా విమోచన సంస్థను ఆ ప్రజల ఏకైక ప్రతినిధిగా గుర్తించింది. అక్టోబరులో అరబ్ దేశాలు రబాత్‌లో అదే నిర్ణయం తీసుకున్నాయి. నవంబరు 13న అరాఫత్ ఐరాస సర్వప్రతినిధి సభలో ప్రసంగించగా, 22న ఆ సంస్థకు, ఓటు లేకున్నా చర్చల్లో పాల్గొనే వీలిచ్చే పరిశీలక హోదా దక్కింది. అలీన దేశాలు, సోవియట్ కూటమి తోడు లేకుంటే ఇది జరిగేది కాదన్నది నిజమే. అయినా చెదిరిపోయిన ఒక జనానికి తన తరఫున మాట్లాడే నోరు, కూర్చునే కుర్చీ దొరకడం చిన్న విషయం కాదు.

ఐక్యతకు మాత్రం త్వరలోనే బీటలు పడ్డాయి. ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం చేసుకున్నందుకు 1979లో ఈజిప్టును సస్పెండ్ చేసి, 1984లో తిరిగి చేర్చుకున్నారు. జెరూసలేం పరిరక్షణ కోసం 1975లో ఏర్పడిన అల్ ఖుద్స్ (జెరూసలేంకు అరబ్బీ పేరు) కమిటీకి మొరాకో రాజే అధ్యక్షుడు. అదే మొరాకో 2020 డిసెంబరులో ఇజ్రాయెల్‌తో సంబంధాలు నెలకొల్పుకొంది. ప్రతి ప్రభుత్వానికీ తన సరిహద్దు తగాదాలు, తన భద్రతా అవసరాలు, అమెరికాతో తన లెక్కలు ఉన్నప్పుడు ఉమ్మడి తీర్మానానికి ఎంత బలం ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఓట్ల లెక్క దగ్గర ఈ దౌత్యం ఇప్పటికీ పనిచేస్తుంది. వెస్ట్ బ్యాంకులో ఇజ్రాయెల్ కడుతున్న గోడపై అంతర్జాతీయ న్యాయస్థానం జరిపిన విచారణలో ఓఐసీ తన వాదన వినిపించింది. ఆక్రమిత భూభాగంలో ఆ గోడ చట్టవిరుద్ధమని 2004 జులై 9న న్యాయస్థానం అభిప్రాయపడింది. 2012లో 138 దేశాల ఓట్లతో పాలస్తీనాకు సభ్యత్వం లేని పరిశీలక రాజ్య హోదా వచ్చింది. 2017 డిసెంబరులో జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా ట్రంప్ గుర్తించినప్పుడు ఓఐసీ ఇస్తాంబుల్‌లో అత్యవసరంగా సమావేశమైంది. భద్రతా మండలిలో అమెరికా వీటో ప్రయోగించాక, విషయాన్ని సర్వప్రతినిధి సభకు తీసుకువెళ్లడంతో అక్కడ 128 దేశాలు ఆ నిర్ణయాన్ని తిరస్కరించాయి. కానీ గోడ కూలలేదు, అమెరికా రాయబార కార్యాలయం జెరూసలేంకు తరలకుండా ఆగనూ లేదు.

గాజాపై యుద్ధం సాగుతున్న వేళ, 2023 నవంబరు 11న ఓఐసీ, అరబ్ లీగ్ కలిసి రియాద్‌లో సదస్సు జరిపాయి. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి ఆపాలని అన్ని దేశాలనూ కోరాయి. కాల్పుల విరమణ కోసం విదేశాంగ మంత్రుల బృందాన్ని బీజింగ్‌తో మొదలుపెట్టి ప్రపంచ రాజధానులకు పంపాయి. 1973లో అరబ్ దేశాలు వాడిన చమురు ఆయుధం, అంటే ఇజ్రాయెల్‌ను సమర్థించే దేశాలకు చమురు ఆపేయడం, మాత్రం ఆ తీర్మానంలో లేదు.