నారుమడిలాంటి తోట

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం

చిరంజీవులు చిన్నీకి, బుజ్జికి తాత దీవెనలు.

సంక్రాంతి సెలవులకు వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్‌లో పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకెళ్తానంటే చిన్నీ, "మాకిక్కడ బెంగళూరులో లాల్‌బాగ్ ఉంది కదా తాతా, అక్కడేముంది కొత్తగా?" అంది. జవాబు చెప్పేలోపే ఫోన్ మీ అమ్మ చేతిలోకి పోయింది, ఆమెకూ మీ అమ్మమ్మకూ మధ్య సకినాల లెక్క మొదలైంది. ఇక ఆ లెక్క తెమిలేది కాదని కాగితం, పెన్ను తీశాను.

ముందే నిజం చెప్పేస్తాను. మీ లాల్‌బాగ్ ముందు ఇది చిన్నది. అద్దాల మేడ లేదు, పూల గడియారం లేదు. చెరువు ఉందిగానీ, దాన్ని చెరువు అనడానికి కొంచెం మొహమాటపడాలి. గోడ అవతల బస్సులు, ఆటోలు కొట్టే హారన్లు లోపల బెంచీ మీద కూర్చున్నా వినబడతాయి. కొత్తగా ఏముందని వెతికితే ఏమీ కనబడదు బిడ్డా. అక్కడున్నదంతా పాతదే.

దాని పాత పేరు బాగ్-ఎ-ఆమ్. చిన్నప్పుడు ఆ పేరు విని నేను మామిడితోట అనుకున్నాను. మా నాయన వెంట మొదటిసారి వెళ్ళినరోజు చెట్టు చెట్టు కిందా కాయల కోసం తలెత్తి చూశాను. ఉర్దూలో మామిడిపండునూ ఆమ్ అంటారు, అందరికీ చెందినదాన్నీ ఆమ్ అంటారు. చెవికి రెండూ ఒకటే, రాసేటప్పుడు అక్షరాలు వేరు. ఇది రెండో ఆమ్. అంటే జనం తోట. దీన్ని వేసింది 1846లో, నాలుగో నిజాం నాసిరుద్దౌలా ఏలుతున్నప్పుడు. పక్కనున్న నాంపల్లి రైల్వేస్టేషన్ వచ్చింది 1907లో. బుజ్జీ, తీసివేత చేసి చూడు, స్టేషన్‌కన్నా తోట ఎన్నేళ్ళు పెద్దదో.

నేను సేద్యం ఇంట్లో పుట్టినవాణ్ని కదా, నాకు ఈ తోటను చూస్తే నారుమడి గుర్తొస్తుంది. మీరు నారుమడి చూడలేదు. వరి వేసేటప్పుడు విత్తనాలన్నీ నేరుగా పొలమంతా చల్లరు. ఒక మూల చిన్న మడి దున్ని, మొలకెత్తిన వడ్లు అందులో ఒత్తుగా చల్లుతారు. జానెడు పెరిగాక పీకి, కట్టలు కట్టి, తీసుకెళ్ళి పెద్ద పొలంలో నాటుతారు. ఈ తోటలో మొలకెత్తి, తర్వాత బయటికి వెళ్ళి పెద్దవైనవి ఈ ఊళ్ళో ఉన్నాయి. అవి ఇక్కడే పుట్టాయని చాలామందికి గుర్తు లేదు.

మొదట జూ సంగతి. మీరు పోయినసారి చూసిన నెహ్రూ జూ పార్క్ 1963 అక్టోబర్‌లో తెరిచారు. అంతకుముందు హైదరాబాద్ జూ ఉన్నది ఈ పబ్లిక్ గార్డెన్స్‌లోనే. నేను వెళ్ళింది 1962లో, నాకు ఏడేళ్ళు. నాయన నన్ను ధోతి కొంగు పట్టుకొమ్మన్నాడు. ఏనుగును చూస్తూ చూస్తూ ఎప్పుడు వదిలేశానో, మళ్ళీ కొంగు పట్టుకుని చాలాదూరం నడిచాక తలెత్తితే అది వేరే ఆయన! ఆయన నన్ను చూసి నాకన్నా ఎక్కువ భయపడ్డాడు. ఇద్దరం కలిసి నాయనను వెతికాం. తాబేలు దగ్గర దొరికాడు, కొడుకు తప్పిపోయిన సంగతి తెలియకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన తప్పేం లేదులే, పెద్ద బాన బోర్లించినట్టున్న తాబేలును అంతకుముందు ఆయన మాత్రం ఎక్కడ చూశాడు!

జంతువులను బహదూర్‌పురాలోని కొత్త జూకు తరలించినప్పుడు ఇక్కడినుంచి రాణి అనే ఏనుగు, చాణక్య అని పిలిచే గలాపగోస్ దీవుల తాబేలు కూడా వెళ్ళాయి. రాణి 2021లో పోయింది, 83 ఏళ్ళ వయసులో. తాబేలు 2024 మార్చిలో పోయింది. దానికి 125 ఏళ్ళని పేపర్లో వేశారు. ఆ రోజు మీ అమ్మమ్మకు ఆ వార్త చదివి వినిపించాను. "తాబేలు పోతే మీకు కళ్ళనీళ్ళేమిటి" అంది. తాబేలు కోసం కాదని ఆమెకూ తెలుసు.

రెండోది నుమాయిష్ అనే ఎగ్జిబిషన్. మీరు వచ్చేటప్పటికి జరుగుతూనే ఉంటుంది, ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. అది మొదటిసారి జరిగింది 1938లో, ఈ తోటలోనే. ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్ళు కొందరు మన రాజ్యంలో తయారయ్యే సరుకులు జనానికి చూపిద్దామని పది రోజుల ప్రదర్శన పెట్టారు. వంద దాకా దుకాణాలు. జనం పెరిగి తోట ఇరుకైపోతే 1946లో దగ్గర్లోనే ఉన్న ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు మార్చారు. ఈసారి మీరు జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టేటప్పుడు ఇది గుర్తుంటుందా? ఉండదు. పర్వాలేదు.

పీకకుండా మడిలోనే వదిలేసిన నారు కూడా ఉంటుంది, అదీ ఏపుగా పెరుగుతుంది. అసెంబ్లీ అలాంటిదే. టీవీలో చూసే ఆ తెల్లటి గుమ్మటాల భవనం నిజానికి టౌన్‌హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి 1913. ఆయన 1911లోనే కన్నుమూశాడు, పూర్తయిన భవనాన్ని చూసుకోలేదు. ఇప్పుడు దానికి వేరే గేటు, పోలీసు కాపలా. పాస్ లేకుండా వెళ్ళలేం. కాపలా అవసరమే, కాదనను. కానీ పేరులోనే ఆమ్ ఉన్న తోటలో మనం బయటినుంచి చూసి తిరగాల్సిన మూల ఒకటుండటం నాకు మాత్రం కొంచెం కలుక్కుమంటుంది. జూబ్లీ హాల్ కూడా లోపలే ఉంది. ఏడో నిజాం పట్టానికొచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా 1937లో అక్కడ వేడుకలు చేశారు. ఆయన కట్టించిన షాహీ మసీదు, లలిత కళాతోరణం, బాలభవన్ అన్నీ దారిలోనే కనబడతాయి.

ఇక తోటలోనే ఉన్న స్టేట్ మ్యూజియం. బుజ్జి అక్కడికి రానంటే నేను బలవంతపెట్టను. ఎందుకంటే అక్కడ మమ్మీ ఉంది. నిజం మమ్మీయే, ఈజిప్టు నుంచి తెచ్చిన అమ్మాయి దేహం. రెండువేల ఏళ్ళు దాటింది. పేరు నైషు అని చెప్తారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడో నిజాంకు ఇస్తే, ఆయన దాన్ని 1930లో మ్యూజియంకు ఇచ్చేశాడు. దగ్గరికెళ్ళినప్పుడు దేహాన్ని మాత్రమే కాదు, అద్దాల పెట్టెను కూడా చూడండి. అందులోంచి ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపారు. బట్టను తినే పురుగుకైనా బూజుకైనా బతకాలంటే మనలాగే ఆక్సిజన్ కావాలి. అది దొరక్కపోతే ఆ చుట్టిన గుడ్డపీలికల జోలికి రావు. మీ అమ్మమ్మ ఆవకాయ మీద నూనె నిండుగా పోసి గాలి తగలకుండా చేస్తుందే, సరిగ్గా అదే కిటుకు. మ్యూజియంవాళ్ళకు ఈ పోలిక చెప్తే కోప్పడతారేమోగానీ మీకు గుర్తుండిపోతుంది.

పై గదుల్లో అజంతా బొమ్మల నకళ్ళు ఉంటాయి. అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలోనే ఉండేవి. అంతదూరం వెళ్ళలేనివాళ్ళు ఇక్కడే చూసుకోవచ్చు. నాకు వాటికన్నా బయట గడ్డిలో ఎండకూ వానకూ నిలబడ్డ రాతి విగ్రహాలే ఇష్టం. వాటి పక్కన నీడలో కూర్చుని పల్లీలు తినొచ్చు, ఎవరూ ఏమనరు.

చిన్నీ, నువ్వు ఒక పని చేయాలి. తోటలో నిద్రగన్నేరు చెట్టు దగ్గరికి మధ్యాహ్నం తీసుకెళ్తాను. గొడుగులా పరుచుకున్న కొమ్మలు, చింతాకుకన్నా కొంచెం పెద్ద ఆకులు. ఒక కొమ్మను బాగా గుర్తుపెట్టుకో. సాయంత్రం ఐదున్నరకు మళ్ళీ అక్కడికే వద్దాం. జంట ఆకులు ఒకదానికొకటి అతుక్కుని, దండం పెట్టినట్టు ముడుచుకుని ఉంటాయి. ప్రతి ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, గోటితో తాకితే మెత్తగా తెలుస్తుంది. అందులో ఒకవైపు నీళ్ళు తగ్గి, రెండోవైపు నిండితే ఆకు వంగి మూసుకుంటుంది. పొద్దున మళ్ళీ తిరగబడుతుంది. మధ్యాహ్నం నీడ ఇచ్చిన చెట్టు కిందనుంచే సాయంత్రం ఆకాశం కనబడుతుంది. ఆ చెట్టు మనది కాదు, సముద్రాలు దాటి అమెరికా ఖండం నుంచి వచ్చింది. తాబేలుదీ దాదాపు అటువైపే.

ఇక ప్రయాణం. కారు వద్దు. అక్కడ పార్కింగ్ కోసం తిరిగే టైంలో మెట్రోలో వెళ్ళి ఒక చాయ్ కూడా తాగొచ్చు. నాంపల్లి స్టేషన్‌లో దిగినా, అసెంబ్లీ స్టేషన్‌లో దిగినా నడిచేంత దూరమే. అసెంబ్లీ దగ్గర దిగితే రోడ్డుకు ఇవతల గన్‌పార్క్‌లో ఒక నిమిషం ఆగుదాం. 1969లో తెలంగాణ కోసం ప్రాణాలిచ్చిన విద్యార్థుల స్తూపం ఉంది. వాళ్ళలో కొందరు అప్పుడు నాకన్నా నాలుగైదేళ్ళే పెద్ద. ఆ కథ దారిలో చెప్తాను, ఉత్తరంలో రాయబుద్ధి కావడం లేదు.

శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, మ్యూజియంకు సెలవు. భోగి ముందు వచ్చే శనివారం అయితే నాకు కుదురుతుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. నా మోకాళ్ళ సంగతి మీ అమ్మకు తెలుసు, ప్రతి బెంచీ దగ్గరా కూర్చుంటాను, అప్పుడు "తాతా, పద పద" అని లాగకూడదు.

బుజ్జీ, నా ధోతి కొంగు పట్టుకుందామనుకోకు, నేను ప్యాంటే వేసుకుంటాను. నీ చెయ్యి నేనే పట్టుకుంటాను.

ఇట్లు,
మీ తాత