నీటి తిత్తి ఉన్న కాలేయం: మార్పిడికి పనికొస్తుందా?

ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడితే, పొట్టేలు కార్జంలో తెల్లటి నీటి తిత్తి బయటపడటం, కొట్టతను దాన్ని కోసి అవతల పారేయడం, కాచుక్కూర్చున్న కుక్క నోట కరుచుకుపోవడం ఒక్కోసారి కనిపిస్తుంది. ఎకైనోకోకస్ అనే బద్దెపురుగు బతికేది ఈ బాటలోనే. కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పురుగుగా ఎదిగి గుడ్లు పెడుతుంది. అవి మేతతో గొర్రెకూ, మురికి చేతులతోనో కడగని ఆకుకూరలతోనో మనిషికీ చేరి, కాలేయంలో ఏళ్ల తరబడి సద్దుచేయకుండా హైడాటిడ్ తిత్తిగా పెరుగుతాయి. నెల్లూరు జాతి గొర్రెకు పుట్టిల్లయిన ఈ ప్రాంతంలో అవయవదాతకు అలాంటి తిత్తి ఉండటం వింతేమీ కాదు.

అమెరికా శస్త్రవైద్యుడు థామస్ స్టార్జల్ 1963లో డెన్వర్‌లో తొలి కాలేయ మార్పిడికి పూనుకుని, 1967లో సఫలమైన తరవాత కూడా చాలాకాలం, పురుగు ఆనవాలున్న కాలేయాన్ని పక్కన పెట్టడమే సురక్షితమనుకున్నారు. ఆ పట్టు సడలడానికి కాలేయాల కొరత ఒక కారణమైతే, పురుగులను చంపే ప్రాజిక్వాంటెల్, ఆల్బెండజోల్ మందులు రావడం మరో కారణం. కొరియాలో చేపల ద్వారా సోకే కాలేయపు చదునుపురుగు ఉన్న దాతలనూ, ఈజిప్టు వైపు షిస్టోసోమా అనే రక్తనాళాల పురుగు సోకిన దాతలనూ స్వీకరించగలిగారంటే, ఆ పురుగులు మనిషి ఒంట్లో సంతతిని పెంచుకోలేకపోవడమే అసలు కారణం. స్ట్రాంజిలాయిడ్స్ అనే పేగుపురుగు సంగతి వేరు. అది మనిషిలోనే తరాలు గడుపుతుంది, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడే గ్రహీతలో ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. కనుక ‘పురుగు ఉందా’ అన్న ప్రశ్న కన్నా ‘ఏ పురుగు’ అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

హైడాటిడ్ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. తిత్తి పగిలి లోపలి నీరు చిందితే కొత్త తిత్తులు మొలవవచ్చు, తీవ్రమైన అలర్జీతో రక్తపోటు పడిపోవచ్చు. అల్ట్రాసౌండ్ రూపాన్ని బట్టి తిత్తులను వర్గీకరించే పద్ధతి 1981లో వచ్చాక, సున్నం పేరుకుని చచ్చిన తిత్తినీ, నీటితో బిగిసిన సజీవ తిత్తినీ వేరుచేయడం సాధ్యమైంది. పెద్ద రక్తనాళాలకూ పైత్యనాళాలకూ దూరంగా, అంచున ఒక్కటే ఉండి సున్నం పట్టిన తిత్తి అయితే, కాలేయాన్ని మంచునీటి పళ్లెంలో ఉంచి, తిత్తిని గోడతో సహా కోసి తీసి, గ్రహీతకు ఆల్బెండజోల్ ఇచ్చి అమర్చిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

మన దేశంలో అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో, మరణించిన దాతల అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ 2013లో మొదలైంది. మంచులో పెట్టిన కాలేయం పన్నెండు గంటలకు మించి ఆగడం కష్టం కాబట్టి, తీరిగ్గా పరీక్షలు చేయించే వ్యవధి ఉండదు. దాత బంధువులను అడిగే ప్రశ్నల్లో, ఆయన గొర్రెలు కాశారా, ఇంట్లో కుక్కను పెంచారా అన్నవి కూడా ఉంటే, అల్ట్రాసౌండ్ చేసే డాక్టరు ఎక్కడ నిదానించాలో ముందే తెలుస్తుంది.