కారు అడుగున తుప్పు: విశాఖలో తరచూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: మన దగ్గర మంచు పడదు, అండర్‌బాడీ గొడవ మనకెందుకు?

చలి దేశాల్లో రోడ్ల మీద పేరుకున్న మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల నుంచి పైకి చిమ్మి కారు అడుగును తినేస్తాయి. విశాఖలో ఎవరూ చల్లనక్కర్లేదు, విరిగిన ప్రతి కెరటం నుంచీ గాలే ఉప్పు మోసుకొస్తుంది. తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో దీని ప్రతాపం మరీ ఎక్కువ. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, సాగర్‌నగర్‌ల సముద్రం పక్క వీధుల్లో రాత్రంతా ఆరుబయట నిలబడే కారు, మధురవాడ లోపలి కారు కంటే ముందే తుప్పు పడుతుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలూ ఐసూ మోసే వ్యాన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. లోడు నుంచి కారే ఉప్పునీళ్లు నేరుగా ఛాసిస్ మీదే పడతాయి.

ఉప్పు ఎండిపోతే హాని ఉండదనుకోవడం ఇందులోనే ఇంకో పొరపాటు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 35 శాతం లోపు తేమ చాలు. వంటింట్లో కల్లుప్పు జాడీ చెమ్మగిల్లేది ఇందువల్లే. కారు అడుగున ఇనుము మీదా అదే జరుగుతుంది, పొడిగా కనిపించే డిసెంబరు రాత్రుల్లో కూడా.

అపోహ: నాలుగు నెలలు వానలో తడిసింది, ఉప్పంతా కడుక్కుపోయి ఉంటుంది.

వాన కడిగేది పైకప్పును, బానెట్‌ను, డోర్లను. వీల్ ఆర్చ్ (చక్రం మీది వంపు) లోపలి అంచుల్లో, ఫ్లోర్ కింద మడతల్లో, వెనక యాక్సిల్ బిగించే చోట వాన పడదు. అక్కడ ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది, దాని మీద బురద పట్టు వేసి తడిని పట్టి ఉంచుతుంది. తుప్పు ఎప్పుడూ ఈ మూలల్లోనే మొదలవడానికి కారణం ఇదే.

అందుకే అడుగును కడిగించి, తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించే పనికి విశాఖలో సరైన కాలం చలికాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లూ ఈశాన్య రుతుపవనాల వానలూ ముగిశాక డిసెంబరు మొదట్లో అడుగు కడిగించి, సంక్రాంతి లోపు కోటింగ్ చేయించుకుంటే మంచిది. వానాకాలం ముందు హడావిడిగా జూన్‌లో చేయిస్తే, ఉక్కపోత వాతావరణంలో మూలలు పూర్తిగా ఆరడం కష్టం.

అపోహ: తుప్పు మీద కోటింగ్ కొట్టేస్తే అక్కడితో ఆగిపోతుంది. గంటలో అయిపోయే పని.

అన్నిటికంటే నష్టం చేసేది ఈ నమ్మకమే. తడి, ఉప్పు, వదులు తుప్పు ఉన్న ఇనుము మీద నల్ల కోటింగ్ వేస్తే ఆ మూడూ లోపలే బందీ అవుతాయి. పైకి నున్నగా ఉంటుంది, రెండేళ్లకు స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే లోపలికి దిగిపోతుంది. గంటలో చేసిస్తామన్న చోట చేయించకపోవడమే మేలు. వాళ్లు కడిగే పని, ఆరబెట్టే పని ఎగ్గొడుతున్నారన్నమాట.

సరిగ్గా చేస్తే కనీసం రెండు రోజులు పడుతుంది. కారును లిఫ్ట్ మీదకెత్తి చక్రాలు, వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్లు, ఇంజిన్ కింది షీల్డ్ విప్పాలి. లైనర్ వెనక పిడికెడు తడి మట్టి రాలడం మామూలే. కడగడానికి మంచినీళ్లే వాడాలి. తీరం దగ్గర కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. ప్రెషర్ గన్‌ను వైర్ల కనెక్టర్లకు, యాక్సిల్ మీది రబ్బరు తొడుగులకు (బూట్లకు) అడుగు దూరంలో ఉంచాలి.

తర్వాత కంప్రెసర్ గాలితో సందులన్నీ ఊది, ఒక రాత్రంతా ఆరనివ్వాలి. మర్నాడు పొక్కులు లేచిన పాత కోటింగును గీకి, తుప్పును వైర్ బ్రష్‌తోనూ 80 నంబరు ఎమిరీ పేపర్‌తోనూ మెరుపు తేలేదాకా తీయాలి. గుంటల్లో మిగిలిన పల్చని తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద చెప్పినట్టు కడిగో తుడిచో ఆరనివ్వాలి. పెచ్చులుగా లేచిన తుప్పు మీద కన్వర్టర్ పనిచేయదు, పై పొరను మాత్రమే మారుస్తుంది. బయటపడ్డ ఇనుముకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయాలి. వెల్డింగ్ అతుకుల్లో సీలెంట్ విడిపోయి ఉంటే పాలీయురేథేన్ సీలర్ పెట్టాలి.

ఇదంతా అయ్యాకే అసలు కోటింగ్. ఒకేసారి దట్టంగా కొట్టకుండా పల్చగా రెండు మూడు కోట్లు, మధ్యలో అరగంట చొప్పున విరామం ఇవ్వాలి. చిన్న కారుకు నాలుగైదు లీటర్లు పడుతుంది. వేళ కూడా చూసుకోవాలి: ఇనుము వేడి, గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. తెల్లవారుజామున కంటికి కనబడని చెమ్మ ఉంటుంది కాబట్టి ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు కొట్టించండి. ఒక రోజు ఆరాకే బురద దారుల్లోకి తీయాలి. అరకు, లంబసింగి ప్రయాణం ఉంటే ముందు రోజు ఈ పని పెట్టుకోకండి.

అపోహ: ఎంత నల్లగా, ఎంత మందంగా, ఎంత ఎక్కువ చోట కొడితే అంత రక్షణ.

తారు ఆధారిత కోటింగ్ మందంగా పడితే ఏళ్లు గడిచాక గట్టిపడి పగులుతుంది. పగులులోంచి నీళ్లు దూరి వెనక చేరతాయి, బయటికి రాలేవు. బయటికి కనిపించే అడుగు రేకుకు రబ్బరు కలిసిన కోటింగ్ బాగుంటుంది. సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే బోలు భాగాలు), ఛాసిస్ బోలు పెట్టెల లోపలికి మాత్రం పొడవాటి నాజిల్‌తో కొట్టే కేవిటీ వ్యాక్స్ అనే మైనం సరైనది. అది గట్టిపడదు, గీత పడినా పాకి కప్పుకుంటుంది. తుప్పు ఎక్కువ తినేది ఈ పెట్టెల లోపలే. కోటింగ్ అమ్మేవాళ్లు చాలామంది ఈ పని ఊసే ఎత్తరు.

కొట్టకూడని చోట్లూ ఉన్నాయి. సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడితే వేడికి పొగ, వాసన, ఒక్కోసారి మంట. బ్రేక్ డిస్కు, డ్రమ్ము, క్యాలిపర్, బ్రేక్ హోసు, ఏబీఎస్ సెన్సార్, ఆక్సిజన్ సెన్సార్, యాక్సిల్ రబ్బరు బూట్లు, సస్పెన్షన్ బుష్‌లు టేపుతోనూ పాత గుడ్డతోనూ కప్పాలి. డోర్ల కింద, సిల్స్ కింద నీళ్లు కారే కంతల్లో అగ్గిపుల్లలు పెట్టి కోటింగ్ అయ్యాక తీసేయాలి. అవి మూసుకుపోతే సిల్ లోపల చేరిన నీరు అక్కడే ఉండిపోతుంది. ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ పెట్టె మీద కంపెనీ వాళ్లను అడగకుండా ఏదీ కొట్టించొద్దు.

అపోహ: పాత ఇంజిన్ ఆయిల్ పిచికారీ చేస్తే చాలు, ఖర్చు లేదు.

వాడేసిన ఆయిల్‌లో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి. రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టుకుని ముద్ద కడుతుంది, మిగతాది రోడ్డు మీద కారుతుంది.

అపోహ: బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ పెట్టెతో కారంతా తుప్పు పట్టదు.

షిప్‌యార్డులో ఓడ అడుగుకు, ఇనుముకు బదులు తామే అరిగిపోయే జింక్ దిమ్మెలు బిగించడం చూసినవాళ్లు ఇది నమ్మేస్తారు. ఓడకు అది పనిచేసేది సముద్రపు నీరు ఓడ అడుగునూ జింకునూ ఒకే వలయంగా కలుపుతుంది కాబట్టి. గాలిలో తిరిగే కారు చుట్టూ అలాంటి నీటి వలయం లేదు, కరెంటు వెళ్లే దారీ లేదు.

అపోహ: కారుకు కవరు కప్పితే భయం లేదు.

తడి కారు మీద కప్పిన కవరు, గాలి ఆడని సెల్లార్ రెండూ తేమను బంధిస్తాయి. ఆరిన కారుకే కవరు వేయాలి. ఎండా గాలీ తగిలే చోటు దొరికితే కవరు కంటే అదే నయం.

అపోహ: పొద్దున బ్రేక్ డిస్కు ఎర్రగా ఉంది, తుప్పు తినేసింది.

అది ఒక రాత్రి పట్టిన పై పొర. నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది. కంగారు పడాల్సినది బ్రేక్ పైపుల మీది పొలుసులకు, ఫ్యూయల్ ట్యాంకు పట్టీల తుప్పుకు, జాకీ పెట్టే చోట మెత్తబడ్డ రేకుకు. వీటిని ఏడాదికోసారి టార్చి వేసి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖంగుమనాలి. డబడబమని మోగితే కోటింగ్ మాట తర్వాత, ముందు టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్లి ఆ రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయించాలి.