తూము ఎంత ఎత్తాలి?

"మావయ్యా, ఒక స్ఫటికాన్ని తయారు చెయ్యకముందే అది కరెంటు మోస్తుందో లేదో కంప్యూటర్ ఎలా చెబుతుంది?" రాజోలు నుంచి మా మేనకోడలు ఫోన్లో అడిగింది. నాకు వెంటనే దాళ్వా (రెండో పంట) నీళ్లు గుర్తొచ్చాయి.

సిలికాన్ పరమాణువులో 14 ఎలక్ట్రాన్లు. అన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి విడివిడిగా లెక్క కట్టలేం. ఒక్కోదానికి మూడు నిరూపకాలు, ఒక్కో దిక్కున పది బిందువులే తీసుకున్నా 1 పక్కన 42 సున్నాలు పెట్టినన్ని సంఖ్యలు కావాలి. అంత అక్కర్లేదు, ఏ చోట ఎలక్ట్రాన్ల సాంద్రత ఎంతో తెలిస్తే చాలని 1964లో హోహెన్‌బర్గ్, కోన్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. మరుసటి ఏడాది కోన్, షామ్ దాన్ని లెక్క కట్టే పద్ధతిగా మార్చారు. ఇదే డెన్సిటీ ఫంక్షనల్ థియరీ. 1998లో కోన్‌కి నోబెల్ వచ్చింది.

చిక్కు ఒకటుంది. సాంద్రత తెలియాలంటే ఎలక్ట్రాన్ల మీద పనిచేసే పొటెన్షియల్, అంటే ఏ చోట వాటి మీద ఎంత లాగుడూ నెట్టుడూ ఉందో చెప్పే లెక్క, తెలియాలి. అది తెలియాలంటే సాంద్రత తెలియాలి!

మా చేలో కూడా అంతే. మట్టాన్ని బట్టి తూము ఎత్తాలి, తూముని బట్టి మట్టం మారుతుంది. నీళ్లు చాల్లేదని పొద్దున్న తూము పూర్తిగా ఎత్తేస్తే సాయంత్రానికి నారు మునుగుతుంది. మునిగిందని పూర్తిగా దించేస్తే మళ్లీ బురద తేలుతుంది. మా నాన్న నాలుగు వేళ్లు మాత్రం ఎత్తి, గోటితో గీత పెట్టిన వెదురుపుల్ల మడిలో గుచ్చి, గట్టు మీద కూర్చునేవారు. నీరు గీత దగ్గర నిలబడేదాకా అంగుళం అటూ ఇటూ సర్దేవారు.

కంప్యూటర్ చేసేదీ అదే. విడి పరమాణువుల సాంద్రతల్ని కలిపి మొదటి ఊహ వేసుకుంటుంది. దాన్నించి పొటెన్షియల్, దాన్నించి కొత్త సాంద్రత. కొత్తదాన్ని మొత్తంగా తీసుకోదు, పాతదాంట్లో కొత్తది 30 శాతమో ఎంతో కలుపుతుంది. మొత్తం తీసుకుంటే, ముఖ్యంగా పెద్ద లోహపు నమూనాల్లో, విద్యుదావేశం ఈ చివర నుంచి ఆ చివరకి ఊగిసలాడుతుంది, లెక్క తేలదు. పాతకీ కొత్తకీ తేడా దాదాపు పోయాక ఆగుతుంది.

స్ఫటికంలో ఒకే అమరిక మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, ఫెలిక్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1928లో చూపినట్టు, ఒక్క గడి లెక్కిస్తే సరిపోతుంది. సిలికాన్‌కి రెండు పరమాణువుల గడి, బయటి ఎలక్ట్రాన్లు ఎనిమిది, నిండిన బ్యాండ్లు (ఎలక్ట్రాన్లకి వీలైన శక్తుల పట్టీలు) నాలుగు. వాటికీ పైనున్న ఖాళీ బ్యాండ్లకీ మధ్య ఎడమే మా మేనకోడలి ప్రశ్నకి జవాబు: ఎడం లేకపోతే కరెంటు బాగా మోస్తుంది, మరీ పెద్దదైతే మొయ్యదు.

  

ఈ పద్ధతికి ఒక లోటుంది. సిలికాన్ ఎడం ప్రయోగంలో 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ల శక్తికి వాడే కొలత), సాదా లెక్కలో సుమారు 0.5 వస్తుంది. కొత్త ఎలక్ట్రాన్ చేరినప్పుడు చుట్టూ ఉన్నవి ఎలా సర్దుకుంటాయో అందులో సరిగా పట్టుబడదు. నిండిన మడిలో బిందెడు నీళ్లు పోస్తే మడంతా కదులుతుంది కదా, ఆ కదలికని కూడా లెక్కలోకి తెచ్చే జీడబ్ల్యూ పద్ధతిలో జవాబు ప్రయోగానికి బాగా దగ్గరవుతుంది.

సంక్రాంతికి రమ్మన్నాను. ఈ లెక్కలు చేసే క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, రెండు పరమాణువులే కాబట్టి మామూలు లాప్‌టాప్ చాలు. ముందు తన చేత కొత్త సాంద్రత మొత్తం కలిపించి చూస్తాను, తర్వాత 30 శాతం.